శుక్రవారం గడప దాటిన ఎరువు

కార్తీక బహుళ తదియ, శుక్రవారం.

వానలు మొదలైనప్పటి నుంచి కూరగాయల తొక్కులు, కుళ్లిన ఆకులు, పేడ పెరటి గుంటలో వేస్తూ వచ్చాను. కాలువ గట్టున తడిమట్టి తవ్వి, ఎర్రలు, అదే వానపాములు, ఏరి తెచ్చి అందులో వదిలింది నేనే. ఇప్పుడు చేత్తో తీస్తే నల్లటి పిండిలా రాలుతోంది ఎరువు.

పోయిన శుక్రవారం దొనకొండ నుంచి అమ్మ మనిషిని పంపింది, వంగనారుకు ఒక్క గంప కావాలని. అత్త గుంటకు అడ్డం నిలబడింది. "శుక్రవారం పూట ఇంట్లో పెంట బయటికి పోతే లక్ష్మి పోయినట్టే. పొమ్మను" అన్నది. ఆ మనిషి ఖాళీ గంపతో తిరిగి పోయాడు.

ఇవాళా శుక్రవారమే. మార్కాపురం నుంచి వ్యవసాయ శాఖ ఆఫీసరు వచ్చాడు. మా ఆయన మీసం దువ్వుకుంటూ గుంట చూపించాడు. "అంతా నేనే చేసినానండీ. మా ఆడోళ్లకు ఎర్రలంటే భయం" అన్నాడు. తలుపు వెనక నిలబడ్డ నా గోళ్ల సందుల్లో ఇంకా ఆ మట్టే ఉంది. నాలుగూళ్లలో చూపిస్తానని ఆఫీసరు అడగడమే తడవు, అడుగుదాకా గోకి, ఎర్రలతో సహా అతని బండికి ఎత్తించాడు. అత్త అరుగు మీద కూర్చుని అంతా చూసింది. కాళ్లు ముడుచుకుని గంపలకు దారిచ్చింది.

నారు పోసే అదను దాటిపోతోంది. అమ్మ నన్నేమనుకుంటుందో...

వంట చేస్తూ వంకాయ తొడిమలు, బీరతొక్కులు తీసి పొయ్యిలో పెట్టాను. ఇల్లంతా పొగ.

"ఏందే కోడలా, ఆ కంపు?" అన్నది అత్త.

"ఇయ్యాళ శుక్రవారం గదా అత్తా. లక్ష్మి గడప దాటకుండా తగలబెడుతున్నా" అన్నాను.