వదులు చేసిన క్లచ్

ధర్మవరం,
శుక్రవారం.

తమ్ముడూ వేణుగోపాల్,

ఫోన్ చేస్తే ఎత్తవు, అందుకే రాస్తాండా.

పెండ్లికని తీసకపోయిన మా కారు తిరిగిచ్చేటప్పుడు మీ బావతో ఏమన్నావు? "గేరు వేస్తే గరగరమంటాది బావా. అక్కకు క్లచ్ తొక్కడం రాదు, గేరుబాక్సు పాడు చేసింది. ఇంక బండి ఇయ్యద్దు" అన్నావు. ఆయన తాళాలు తీసి బీరువాలో పెట్టేసినాడు. మన అమ్మను డయాలసిస్‌కు అనంతపురం తీసకపోయేది ఆ కారులోనే అని మీ ఇద్దరికీ గుర్తు రాలేదు.

మంగళవారం బస్సుకు పోదామని బయల్దేరితిమి. బస్టాండులో ఎండకు తాళలేక అమ్మ పడిపోయింది. ఎవరో నీళ్లు చల్లితే లేచింది.

ఇంటికొచ్చినంక తాళాలు నేనే తీసుకున్యా. ఇంజను ఆపి గేర్లు వేస్తే మెత్తగా పడినాయి. ఇంజను నడుస్తాంటేనే గరగరమన్నాయి. అంటే గేరుబాక్సుకు ఏమీ కాలేదు, తొక్కినా క్లచ్ పూర్తిగా వదలడం లేదు. బానెట్ ఎత్తి చూస్తే క్లచ్ కేబుల్ వదులుగా ఉండాది, నట్టు మీద కొత్తగా పానా గీతలు. పెండ్లి కాడ్నుంచి ఫోన్ చేసి "క్లచ్ పైనే పట్టుకుంటాంది, పెడలు మీద కాలు బాగా ఎత్తితే గానీ బండి కదల్దు, కాలు నొస్తాంది" అన్నది నువ్వే కదప్పా? వదులు చేసింది నువ్వు, మాట పడింది నేను. నట్టు బిగించి, పెడలు ఊరికే కదిలేంత కొంచెం ఆట వదిలినా. రివర్సు కూడా చప్పుడు లేకుండా పడింది. మీ బావకూ చూపించినా. తాళాలు ఇంక నా కాడే ఉంటాయి.

ఈ పొద్దు అమ్మను నేనే తీసకపోయినా. దావలో, "నేను పడిపోయింది వానికి చెప్పొద్దు, బాధ పడతాడు" అని ఒట్టేయించుకునింది.

ఆ ఒట్టు తప్పినా. నువ్వు బాధ పడాల.

అక్క