అక్షరాలు చెరిగిన కీబోర్డు

అత్తయ్యా,

పొయ్యి మీద మిసో చారు ఉంది, వేడి చేసుకుని తాగండి. పబ్లిషర్ ఫోన్ చేస్తే, మా కోడలు అనువాదం సాయంత్రానికల్లా పంపుతుందని చెప్పండి. నేను చెత్త బండి వెనకాల పరిగెడుతున్నాను. ఈ ఏడాదికి ఇదే ఆఖరి బండి.

ఏడాది చివర ఇల్లు శుభ్రం చేయడం పేరుతో మీరు నా కీబోర్డు పారేశారు. అక్షరాలు చెరిగిపోయాయి కాబట్టి పనికిరాదనుకున్నారు. వాటిని చెరిపింది నా వేళ్లే. తొమ్మిదేళ్లలో ఆరు మార్చాను. ఒకదానితో మణికట్టు వాచింది. ఇంకోదాని చప్పుడు విని మీరే, "ఇంట్లో వడగళ్లు పడుతున్నాయేంటే?" అన్నారు. ఏడోది చేతికి కుదిరింది. దాని స్థానంలో మీరు అటక మీంచి దించి, తుడిచి పెట్టిన ఆ తళతళలాడేది నన్ను ఏడిపించిన మూడోది.

చెత్త సంచి మీద మొరియామా అని మన ఇంటిపేరు రాశారుగా, అదొక్కటే నా ఆశ.

మిఫుయు

మరోమాట. మీ కూరల కత్తి సగానికి సగం అరిగిపోయిందని, పారేసి కొత్తది కొందామని మీ అబ్బాయి అన్న రోజున అడ్డుపడింది నేనే.