నీళ్లు లేని రోజున కొన్న పడవ

ఆగస్టు 19
పడవ మునిగింది. నేనూ మునిగాను. నడుము లోతే కాబట్టి ఇది రాస్తున్నాను.
చెరువుకు కాలువ నీళ్లొచ్చి నాలుగు రోజులు. చూడ్డానికి ఊరంతా గట్టు మీదే ఉంది. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. సుశీల కొట్టలేదు. “ఇంగ బయటికి రా, స్నానం అయిపాయ కదా” అంది. ముప్పై ఏళ్ల కాపురంలో నా భార్య నన్ను ఓదార్చే పద్ధతి ఇదే.

ఆగస్టు 20
బోర్లా వేసి చూశాం. అడుగున జానెడు పగులు. దాని మీద లప్పం, లప్పం మీద నీలం రంగు. ముప్పై ఏళ్లు కుట్టుమిషను తొక్కినవాణ్ని, రంగు కలిసేలా అతుకు వేయడంలో ఈ చుట్టుపక్కల నాకు పేరు. ఇంకొకడు వేసిన అతుకు నా కంటికి ఆనలేదు. సిగ్గేసింది.
మిషను అమ్మేశాను, కళ్లు సూదిలోకి దారం ఎక్కించనివ్వడం లేదు. చెరువులో చేపపిల్లలు వదులుతున్నారు, చేపల సంఘంలో నాకూ ఒక వంతు ఉంది. పడవ లేకపోతే ఆ వంతు ఉన్నా లేనట్టే.
పడవ అమ్మిన కుళ్ళాయప్పకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

ఆగస్టు 21
ఎత్తలేదు.

ఆగస్టు 23
నా తెలివి గురించి కూడా రాసుకోవాలి. కొన్నది ఏప్రిల్‌లో. అప్పుడు చెరువులో మేకలు మేస్తున్నాయి. పడవను ఎద్దును చూసినట్టు చూశాను — చుట్టూ తిరిగాను, తట్టాను, ఎక్కి గెంతాను. నాలుగు బిందెలు లోపల పోసి చూద్దామంటే సుశీల బిందె లాక్కుంది. “ట్యాంకరు నీళ్లు పడవకు పోస్తావా? తాగేదానికే లేవు.” అదీ నిజమే. కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, అయిందనిపించాం.
కుళ్ళాయప్పతో బేరమూ సంతలో ఎద్దుల బేరమే. తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టి. పట్టిన వేళ్ల లెక్కే ధర. మా ఇద్దరి నాయనలూ అలాగే చేసేవాళ్లు. ధర వేళ్లకు తెలియాలి, చెవులకు కాదు. ఎన్నేళ్లకో తువ్వాలు కప్పామని ఇద్దరం ఒకటే నవ్వు. కాగితం ఎవడడిగాడు?

ఆగస్టు 25
పోలీస్ స్టేషన్. ఎస్సై కుర్చీ వేయించాడు. “ఇది సివిలు అన్నా, మాది కాదు. లాయరు దగ్గరికి పో.” టీ మాత్రం తాగించాడు.

ఆగస్టు 28
అనంతపురం. లాయరమ్మ సుశీల చెల్లెలి ఊరి పిల్ల. మా అమ్మాయి వయసే ఉంటుంది. వినియోగదారుల ఫోరానికి పోదామన్నాను.
“ఆడ నిలబడదు అన్నా. ఆయనేమన్నా పడవల వ్యాపారం చేస్తాండాడా? సొంతానిది అమ్మినాడు.”
ఇక మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. పాత వస్తువు చూసుకుని కొనాల్సింది కొనేవాడే. అయితే లోపం తెలిసి దాచితే అది మోసం. బయటపడ్డ రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయొచ్చు. అంతకంటే ముందు నోటీసు. ఆ తర్వాత ఉచిత న్యాయసేవ వాళ్ల దగ్గర రాజీకి కూర్చోవచ్చు, ఫీజు లేదు.
“రసీదు ఉండాదా?” లేదు. “సాక్షులు?” ఉన్నారు, తువ్వాలును చూశారు. ఆ పిల్ల పెన్ను కింద పెట్టి కిటికీ వైపు తిరిగింది. నవ్వు ఆపుకోవడానికేనని నాకు తెలుసు.
“తెలిసే అమ్మినాడు అనేది తేలల్ల అన్నా. ఆయన నోట ఒక్క మాట వస్తే చాలు. అంతవరకు పడవ బాగుచేయించొద్దు. ఫొటోలు తీసి అట్లే పెట్టండి.”

ఆగస్టు 30
ఫొటోలు తీశాం. చెరువు నిండా నీళ్లు, గట్టు మీద బోర్లా పడవ. సాక్ష్యమట అది. ముట్టుకోకూడదు. పగులు కనిపిస్తుంటే చేతులు దురదపెడుతున్నాయి.

సెప్టెంబరు 2
వాన లేదు గాని మబ్బు. ఇలాంటి రోజున రాయకుండా ఉండలేను.
చెరువు నిండి మరవ పారిన ఏడు. నాకు తొమ్మిది, కుళ్ళాయికి పది. రాత్రికి రాత్రి నీళ్లు మరవ గోడ దాటి దూకుతుంటే ఊరు ఊరంతా పూలు, పసుపు తీసుకుని పోయింది. గానుగ దగ్గరి బెల్లం పెనం తేలుకుంటూ వచ్చింది. మేమిద్దరం ఈది పట్టుకుని ఎక్కాం. రేకు ముక్కలే తెడ్లు. గుండ్రటి పెనం ముందుకు పోతుందా! తిరుగుతుంది. అడుగున అంటిన పాకం తడికి కరిగి కాళ్లకు పట్టుకుంది. తిరుగుతూనే వేళ్లతో గీరి నాకాం. ఆ తీపి ఇంకెక్కడా దొరకలేదు నాకు, పెళ్లిళ్లలో తిన్నాను, తిరునాళ్లలో తిన్నాను. అన్ని నీళ్లూ ఇక ఎప్పటికీ ఉంటాయనుకున్నాం. మూడో ఏటికి చెరువు ఎండి అక్కడే బిళ్లంగోడు ఆడాం.
వాడు తర్వాత కృష్ణా నది మీద షికారు పడవ నడపడానికి పోయాడు. ముసలితనానికి కూతురి దగ్గరికి అనంతపురం చేరాడు, లారీ మీద ఆ పడవతో.
ఎంత గుర్తొస్తున్నాడో. ఎంత కోపంగా ఉందో.

సెప్టెంబరు 5
నోటీసు మీద సంతకం చేశాను. అందులో వాడు ‘ఎదుటి పక్షం’. యాభై ఏళ్లుగా కుళ్ళాయి అని తప్ప పిలవలేదు.

సెప్టెంబరు 9
“అంత స్నేహితుడైతే ఫోనెందుకు ఎత్తడు?” — సుశీల.
మజ్జిగ తాగి బయటికి పోయాను.

సెప్టెంబరు 11
ఇవాళ తట్టింది. తువ్వాలు కింద నేను వాడి నాలుగు వేళ్లు పట్టుకున్నాను. వాడే ఒకటి వెనక్కి తీసుకున్నాడు. అడక్కుండా ధర తగ్గించే అమ్మకందారు ఏ సంతలో ఉంటాడు? స్నేహానికి తగ్గించాడని ఆ రోజంతా పొంగిపోయాను. పగులుకు తగ్గించాడా?

సెప్టెంబరు 20
న్యాయసేవ వాళ్లు రాజీకి పిలిచారు. లాయరమ్మ ఇంకో కోర్టులో ఉంది. వరండాలో ఒకటే బల్ల. ఆ చివర కుళ్ళాయి. చిక్కిపోయాడు. ఎడంగా కూర్చుందామంటే చోటు లేదు.
కాసేపటికి సంచిలోంచి బొరుగుల ఉగ్గాని డబ్బా తీశాడు. “తింటావా? మా పాప చేసింది.” తినకూడదనుకున్నాను. తిన్నాను. ఒకే డబ్బాలో రెండు చేతులు.
“లప్పం పెట్టింది నేనేరా” అన్నాడు, డబ్బా వైపు చూస్తూ. “చెప్పే పోవల్లని వచ్చినా. నువ్వు ఎండిన చెరువులో పడవెక్కి కూకోని, గాల్లో తెడ్డు ఏస్తాంటివి. ఆ సంబరం చూసినాక నోరు రాల్యా.”
వాడే డబ్బాకు మూత పెట్టాడు.
“ఈడికి నీళ్లొస్తాయని యాడనుకున్యా?”
అప్పుడే పిలిచారు. లోపల రాజీ చేసే పెద్దాయన అడిగాడు — తెలిసే అమ్మినావా? కుళ్ళాయి నీళ్లు నమిలాడు. “పాతదని చెప్పినా సార్.” పెద్దాయన నా వైపు చూశాడు. నేను గోడ మీది గడియారం వైపు చూశాను. వాయిదా ఇచ్చారు.
మెట్ల మీద లాయరమ్మ ఎదురైంది. “బయట ఏమన్నా మాట్లాడినాడా అన్నా?”
“ఉగ్గాని బాగుందా అన్నాడమ్మా.”
నమ్మలేదు.

సెప్టెంబరు 21
చెరువు ఒక మెట్టు దిగింది. సంఘం వాళ్లు వలలు బాగుచేసుకుంటున్నారు. పడవ ఏమైందని ముగ్గురు అడిగారు. సాక్ష్యంలో ఉందన్నాను. వాళ్లకు అర్థం కాలేదు.

సెప్టెంబరు 23
లాయరమ్మ కబురు. ఆ రోజు వరండాలో జరిగిన మాటలన్నీ ఉన్నదున్నట్టు రాసి, సంతకం చేసి పంపమని. అది చేతిలో ఉంటే కేసు మనదేనట.
సుశీల తెల్లకాగితం తెచ్చి ముందు పెట్టింది. పోలేదు, అక్కడే కూర్చుని చెనక్కాయలు ఒలుస్తోంది.
‘కుళ్ళాయప్ప నాతో అన్నది ఏమనగా’ — అంతవరకు రాశాను.