మూడు గ్లాసుల పందెం

సింగపూర్,
ఆదివారం.

అప్పకు, బావకు తమ్ముడు సూరిబాబు నమస్కారాలు.

నేనిక్కడ బాగానే ఉన్నాను. మీరూ బాగున్నారని రాశారు. అది అబద్ధమని తెలిసిపోయింది కాబట్టి ఈసారి మీ క్షేమం అడగడం లేదు. బావా, ఈ ఉత్తరం అప్పకి నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. తిట్లు వచ్చినచోట మింగేయకు, ఉన్నది ఉన్నట్టు చదువు. నీ వాటా కూడా ఉంది.

ఇక్కడ రోజూ వానే. షిప్‌యార్డులో ఓడ అడుగున దూరి వెల్డింగు చేసి బయటికొస్తే చొక్కా పిండుకోవచ్చు. నలుగురం ఒకే గదిలో వండుకుంటున్నాం. చింతపండు దొరుకుతుంది, గోంగూర దొరకదు. ఆదివారం వస్తే మాత్రం ఎటూ తోచదు. అందుకే మా గది కింద టీ ఆకు అమ్మే చైనా ముసలాయన దగ్గర కూర్చోవడం అలవాటైంది. ఆయనకీ ఎవరూ లేరు.

ఆయనే నాకు ఊలాంగ్ టీ కాయడం నేర్పాడు. గోళీల్లా చుట్టుకున్న ఆకు చిన్న మట్టి కూజాలో వేసి, మరిగే నీళ్లు పోసి, ఆ మొదటి నీళ్లు పారబోస్తాడు. మళ్లీ పోసి, నిమిషం ఆగి, బొమ్మల పెళ్లి గిన్నెలంత కప్పుల్లో వంచుతాడు. పాలు లేవు, పంచదార లేదు. అదే ఆకు మీద ఐదారుసార్లు నీళ్లు పోస్తాడు, పోసేకొద్దీ రుచి పలచబడుతుంది. మొదట పూల వాసన తగులుతుంది. మింగాక కాసేపటికి, ఉసిరికాయ తిని నీళ్లు తాగినట్టు, గొంతులో తీపి పుడుతుంది. మూడో వారానికే ఏ కప్పు ఎన్నోసారిదో కళ్లు మూసుకుని చెప్పాను. ముసలాయన ఆశ్చర్యపోయి ఈ నాలుక ఎవరిదని అడిగాడు. మా అప్పదని చెప్పాను.

నిజమే కదా. గానుగ దగ్గర వేడి బెల్లం ముక్క నోట్లో వేసుకుని అది ఏ చేను చెరుకో చెప్పేదానివి. చౌడు నేలదైతే ఉప్పు తగులుతుందనేదానివి. నీతో పందెం కట్టి ఓడిపోయి నీ వంతు నీళ్లు ఎన్నిసార్లు మోశానో నాకే తెలుసు. అందుకే ముసలాయన్ని బతిమాలి మంచి ఆకు తీసుకుని, సెలవు మీద వచ్చే మనిషి చేత పంపాను. ఎలా కాయాలో రెండు పేజీలు రాశాను.

నువ్వు ఏం రాయించావు? "ఏటిరా తమ్ముడా, ఇదీ ఒక టీయేనా? గడ్డి నానబెట్టిన నీళ్లలాగుంది. పాలు పోసి, ఇంత బెల్లం కొట్టి మరిగించినా తీపే తగల్లేదు. వీధంతా నవ్వేరు." చదివి ఒళ్లు మండిపోయింది. ఊలాంగ్‌లో బెల్లమా అని నీకొక ఉత్తరం రాసి, చాలక చింపి, ఇంకా ఘాటుగా మరొకటి మొదలుపెట్టాను.

మళ్లీ నీ ఉత్తరం చదువుతుంటే ఒక మాట దగ్గర ఆగిపోయాను. టీ సంగతి సరే, అంత బెల్లం తీపి ఎక్కడికి పోయింది? కాగితం తిప్పి చూస్తే మడత లోపల బావ చీమ కాళ్లంత అక్షరాలు. "మీ అప్పకి అంగిట్లో తెల్లటి పొక్కు లేచి నాలుగు నెల్లయింది. తగ్గట్లేదు. కూరలో ఉప్పు తెలీక రెండుమార్లు ఏస్తంది. నీకు రాయొద్దంది. నేన్రాసేనని సెప్పకు."

చెప్పేశాను బావా. అది కూడా నీ నోటితోనే చదువు. నాలుగు నెలలు ఉప్పు కషాయం కూర మాట్లాడకుండా తిని, ఆవిణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లలేని మగాడివి, నీ మీద నాకేమీ గౌరవం లేదు.

ఇక అప్పా, నీ సంగతి. చుట్ట మండే కొస నోట్లోకి తిప్పుకుని అడ్డపొగ పీల్చడం పంటినొప్పికి మందని మొదలుపెట్టావు. ఆ పన్ను ఊడి పదేళ్లయింది, చుట్ట మాత్రం ఊడలేదు. మానమంటే "మా యమ్మ కాల్సలేదా, మా యత్త కాల్సలేదా" అని నా నోరు మూయించావు. రోజూ నిప్పు పెట్టుకున్న నోటికి నేను పూల వాసన పంపాను చూడు, నన్ను అనాలి. వడ్డాది సంతలో నీకు కట్టలు కట్టలు చుట్టలు కొనిచ్చిన దద్దమ్మనీ నేనే.

ఆసుపత్రికి వెళ్లమంటే వెళ్లవు. నా నోటికేం, నీ టీయే బాగోలేదంటావు. అందుకే పందెం. దీనితో పాటు చిటికెడు ఆకు పంపుతున్నాను. బావా, పాలు, బెల్లం దగ్గరికి రానివ్వకు. ఒక గ్లాసులో రెండోసారి పోసిన టీ, ఒకదాంట్లో ఐదోసారిది, ఇంకోదాంట్లో ఉత్త వేణ్నీళ్లు. మూడూ ఒకే వేడిలో ఉండాలి. అప్ప కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పాలి. సైగలు చేశావో నీతో నాకు మాటల్లేవు.

తప్పు చెబితే, అప్పా, మర్నాడు చోడవరంలో తొలి బస్సెక్కి విశాఖపట్నం పెద్దాసుపత్రిలో ఆ పొక్కు చూపించుకోవాలి. చుట్టల కట్ట పొయ్యిలో పడాలి. పందెమంటే నువ్వు మాట తప్పవని తెలుసు కాబట్టే ఇలా వచ్చాను. సరిగ్గా చెబితే ఈ ఉత్తరంలో తిట్లన్నీ వెనక్కి తీసుకుని, ఆసుపత్రికి వెళ్లమని కొత్తవి రాస్తాను.

ఈ ఉత్తరంలో మంచిమాట ఒక్కటీ లేదు. లేకపోతే లేకపోయింది. పెద్దలందరికీ నమస్కారాలు చెప్పండి. ఆశీర్వదించమని నిన్ను మాత్రం అడగను. ఆశీర్వదించే నోరు ముందు బాగుచేయించుకో.

నీతో కట్టిన పందెం ఒక్కటీ గెలవలేదు. ఇదీ గెలవకూడదని రోజూ దండం పెట్టుకుంటున్నాను.

నీ తమ్ముడు
సూరిబాబు