ఆంప్లిఫయర్‌కి కర్రపెండలం గంజి

ఏమయ్యా లుకోకీ,

మతోంగేలో రిహార్సల్‌కి పోతున్నా. ఆంప్లిఫయర్ రెక్సిన్ ఊడినచోట సూపర్‌గ్లూ పెట్టకు, పెళుసై పగిలిపోతుంది. చెప్పులు కుట్టే మవూబాని పసుపు జిగురు అడుగు. చెక్కకీ రెక్సిన్‌కీ రెండిటికీ పూసి, వేలికి అంటనంత ఆరాకే నొక్కు.

మొన్న కర్రపెండలం గంజితో అంటించావు. ఎలుకలు గంజితోపాటు రెక్సిన్ కూడా కొరుక్కుతిన్నాయి. పెళ్లిలో జనం నా పాట వదిలేసి నీ పెట్టెని చూసి నవ్వారు.

అంటించాక దానిమీదున్న నీ పేరు గీకి తీసెయ్. శనివారం నుంచి నీ బదులు దానికి గిటారు తగిలించేది మాలోంగో. నీ వేళ్లు మొద్దుబారాయని బ్యాండులో అందరికీ ఎప్పుడో తెలుసు. మొహమాటపడి, నీ వాయింపులో తప్పులకి నెపం ఎలుకల మీద పెట్టారు. పెళ్లాన్ని కదా, నాకా మొహమాటం లేదు.

ఎంపెంబా

కుండలో కర్రపెండలం పిండితో వండిన ఫుఫు ముద్ద ఉంది. ఈసారి తిను, దేనికీ పూయకు.