రెండే గ్లాసులు

అమ్మకి, నీ పెద్దమ్మాయి నమస్కరించి రాసేది. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. బాగోలేనిది నా మనసొక్కటే. దాని సంగతి కింద రాస్తాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. చిన్నదాని దగ్గు తగ్గింది. వంటింటి కిటికీకి అద్దం ఇంకా వేయించలేదు, అట్టముక్క అడ్డం పెట్టాను. ఆయన లిఫ్టుల పని ఎప్పటిలాగే ఉంది, ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా ఈయనే పరిగెత్తాలి. పోయిన ఉత్తరం అంత ముక్తసరిగా రాశావేం, ఇద్దరూ పోట్లాడుకున్నారా అని అడిగావు. పోట్లాడుకోలేదమ్మా. నేనే కుళ్ళుకుని చస్తున్నాను. అదీ ఒక సీసాని చూసి.

నవ్వకు. లిఫ్టులో ఇరుక్కున్న ఒక పెద్దమనిషిని ఈయన బయటికి తీస్తే, అతను సంబరపడి ఒక విస్కీ సీసా చేతిలో పెట్టాడు. ఈయనకి తాగుడు అలవాటు లేదని నీకు తెలుసు కదా, అలమరలో పడేసి మర్చిపోయేవారే. మా ఇంటి కింద కళ్ళజోళ్ళ షాపు నడిపే ఆవిడ ఏదో పనిమీద వచ్చి, దాన్ని చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది. అది షెర్రీ పీపాలో ఏళ్ళ తరబడి ఊరిన విస్కీ అట. షెర్రీ అంటే ఒక రకం వైను. ఆ పీపా ఖాళీ అయ్యాక అందులో విస్కీ పోసి ఉంచితే, చెక్కలో ఇంకిన ద్రాక్ష వాసనా, ఎర్రటి రంగూ దీనికి పడతాయట. గటగటా తాగేది కాదు, తీరిగ్గా కూర్చుని ఆస్వాదించాల్సింది అని చెప్పి, శనివారం షాపు మూసి పైకి వచ్చింది. మూతి సన్నగా ఉండే గ్లాసులు తెచ్చింది. రెండే తెచ్చింది.

అప్పటినుంచి ప్రతి శనివారం ఇదే తంతు. ఇద్దరూ బల్ల దగ్గర చేరి గ్లాసుల్లో ముక్కులు పెడతారు. ఎండుద్రాక్ష అంటుంది ఆవిడ. అవునవును, నారింజ తొక్క కూడా అంటారు ఈయన. లవంగమట, తేనె అట, పాత చెక్కపెట్టె అట. చుక్క నాలుక మీద వేసుకుని, మింగాక కూడా ఆ రుచి ఎంతసేపు నిలుస్తుందో చూస్తూ కళ్ళు మూసుకుంటారు. లోపల గిన్నెలు తోముకుంటూ వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఇన్నేళ్ళ కాపురంలో నా వంట గురించి ఈయన నోట వచ్చింది ఒకటే, ఉప్పు ఎక్కువైందనో తక్కువైందనో. ఆ మనిషికి ఇన్ని మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయమ్మా?

ఒక రోజు ఉండబట్టలేక సీసా మూత తీసి, అందులో చెంబుతో కాసిని మంచినీళ్ళు వంపేశాను. పాడైపోతే పీడ విరగడవుతుందనుకున్నాను. ఆ శనివారం ఆవిడ ఒక గుక్క చప్పరించి, ఇవాళ ఘాటు తగ్గి వాసనలన్నీ చక్కగా విచ్చుకున్నాయండీ అని ఒకటే మెచ్చుకోలు. ఈయన మొహం చూడాలి, చాటంత అయింది. నాకు బాగా శాస్తి జరిగింది.

ఆవిడ వెళ్ళాక ఈయన ఎంగిలి గ్లాసులు తెచ్చి నా ముందు పెట్టారు. నేను కడగనన్నాను. ఎందుకన్నారు. ఇంక ఆగలేకపోయాను.

"ఆ సీసా గురించి చెప్పినన్ని మాటలు నా గురించి ఎప్పుడైనా చెప్పారా?"

ఆయన గ్లాసులు తనే కడిగారు. సోమవారం పని నుంచి వచ్చి, గ్లాసులో కాస్త పోసి తెచ్చి, వంటింట్లో నా పక్కనే స్టూలు వేసుకు కూర్చున్నారు.

"వాసన చూడు. నీకేం తెలుస్తోందో చెప్పు."

ఏమీ తెలియట్లేదన్నాను. నోరు కొంచెం తెరిచి పీల్చమన్నారు. ఊహూఁ అన్నాను. గ్లాసుని అరచేతిలో వెచ్చచేసి మళ్ళీ ఇచ్చారు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఇదే పాఠం. ఎండుద్రాక్ష పళ్ళెంలో పెట్టి, ముందు ఇది చూసి తర్వాత అది చూడు అంటారు. మధ్యలో వాళ్ళ నాన్న కబుర్లు, చిన్నప్పుడు దాక్కున్న బట్టల పెట్టె కబుర్లు. పెళ్ళైన కొత్తలో కూడా ఈయన ఇంత మాట్లాడలేదు.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆగాను. నీకు కాక ఎవరికి చెప్పుకుంటాను? అమ్మా, నాకు మొదటి రోజే అన్నీ తెలిశాయి. ఎండుద్రాక్షా, నారింజ తొక్కా, లవంగం, నాలుక మీద తీపి, చివర్లో మిగిలే చిరుచేదు, అన్నీ. తెలిసిందని ఒప్పుకుంటే స్టూలు తీసుకుని వెళ్ళిపోతారేమోనని నా భయం. అందుకే రోజూ ఏమీ తెలియనిదానిలా కూర్చుంటున్నాను. సీసా చూస్తే అడుగుకి వచ్చేస్తోంది.

మొన్న శనివారం ఆవిడ మామూలుగానే వచ్చింది. తలుపు తీసింది నేను. లోపలికి రమ్మనలేదు. సీసా అయిపోయిందండీ అనేశాను. వెనక్కి తిరిగితే ఆయన అక్కడే నిలబడి ఉన్నారు. అలమరలో ఇంకా పావు వంతు ఉందని ఆయనకి తెలుసు.

ఆయన నన్ను ఒకసారి చూసి, ఆవిడతో నెమ్మదిగా అన్నారు.

"అవునండీ, నిన్ననే అయిపోయింది."

ఒంట్లో జాగ్రత్త. ఈ ఉత్తరం నాన్నకి చదివి వినిపించకు.

ఇట్లు,
నీ కుళ్ళుబోతు పెద్దమ్మాయి