నాన్న గిన్నెలో సూపు

నర్సీపట్నం,
11 డిసెంబరు 2025, గురువారం.

నాన్నకి,

ఈ రోజు ఒక ఆశ్చర్యం ఎనిమిదిన్నరకి కాలేజీ గేటు దగ్గర ఎదురైంది. చిట్టిరాజు మావయ్య గళ్ల చొక్కా వేసుకుని, కాళ్లకి చెప్పులతో నిలబడి ఉన్నాడు. మెడలో మాల లేదు. మొన్నటి దాకా నీ పక్కన నల్లబట్టల్లో కూర్చుని శరణు చెప్పిన మనిషి. ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను.

"ఏటి మావయ్యా, ఇలాగున్నావు?" అని అడిగాను.

"ఏటి సెప్పమంటావు తల్లీ. బేకరీలో కూర పఫ్ అనుకోని తిన్నాను. లోపల గుడ్డున్నాది. తెలీక తిన్నానని గురుస్వామి కాళ్లట్టుకున్నా ఇన్నేదు. మాల తీయించీసినాడు. సోమారం కొండకెల్లే బస్సులో నా సీటు కూడా పోయింది."

అతను వెళ్లిపోయాక కూడా నేను గేటు దగ్గరే నిలబడ్డాను. తెలీక తిన్నాను అన్న మాట చెవిలో గుచ్చుకుని ఉండిపోయింది. మొదటి పీరియడు పోయింది. నేను క్లాసు ఎగ్గొట్టడం ఇదే మొదటిసారి.

మాల వేసుకున్నవాళ్లని స్వామీ అనాలి. నెల దాటి నేనూ, అమ్మా, తమ్ముడూ నిన్ను అలాగే పిలుస్తున్నాం. కానీ ఈ ఉత్తరంలో నాన్నా అనే రాస్తాను. ఇందులో ఉన్నది స్వామికి చెప్పేంత ధైర్యం నాకు లేదు.

నవంబరు ముప్పయ్యో తేదీ గుర్తుందా? తుని రోడ్డులో, జీడిపప్పు షెడ్లు దాటాక కొత్తగా పెట్టిన ఆ చైనా నూడుల్సు హోటలుకి నిన్ను లాక్కెళ్లాను. నువ్వు వద్దన్నావు. "దీక్షలో హోటలేటమ్మా" అన్నావు. వ్యాసరచనలో నాకు మొదటి బహుమతి వచ్చింది, అదీ నీ బొమ్మల పని మీద రాసిన వ్యాసానికి. ఆ డబ్బుతో నీకు ఏదో ఒకటి పెట్టకపోతే నాకు నిద్ర పట్టేట్టు లేదు. "సాయంత్రం అల్పాహారం తినొచ్చు కదా స్వామీ, నూడుల్సు అల్పాహారమే" అని వాదించాను. నా వాదనకి నేనే మురిసిపోయాను.

చెప్పుల్లేని కాళ్లతో నువ్వు ఆ నున్నటి నేల మీద నడుస్తుంటే పక్క బల్ల వాళ్లు సర్దుకుని దారి ఇచ్చారు. మెనూలో కూరగాయల నూడుల్సు సూపు అని ఉంది. పక్కన ఆకుపచ్చ చుక్క ఉంది. అది చూసి రెండు చెప్పేశాను. తర్వాత మా క్లాసు అప్పలలక్ష్మి ఫోన్ చేస్తే బయటికెళ్లి బహుమతి సంగతంతా మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మాటల మధ్య అద్దంలోంచి నువ్వు అప్పుడప్పుడు కనిపించావు. వంటగదికి వేసిన గాజు గోడ దగ్గర నిలబడి, నూడుల్సు లాగే అతని చేతులు చూస్తున్నావు. అతను పిండిని తాడులా సాగదీసి, మడిచి, బల్లకేసి కొట్టి, మళ్లీ సాగదీస్తున్నాడు. ఒకటి రెండై, రెండు నాలుగై, చూస్తుండగానే జడకుచ్చంత అయిపోయాయి. నేను లోపలికి వచ్చేసరికి నువ్వు అన్నావు: "లక్క కూడా ఇంతేనమ్మా. సరైన వేడిలో ఉంటే సెప్పినట్టు ఇంటాది. నిమిషం దాటిందా, ఇంక ఇనదు." ఆ మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను.

గిన్నెలు వచ్చాయి. నా సూపు ముదురు రంగులో ఉంది, నీది తేటగా ఉంది. పెద్దవాళ్లకి మసాలా తగ్గించి ఇస్తారేమో అనుకున్నాను. నువ్వు మొత్తం తిన్నావు. గిన్నె ఎత్తి తాగావు కూడా. నేను వ్యాసం చదివి వినిపించాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. అమ్మకీ తమ్ముడికీ ఒక పార్సిల్ కట్టించి నీ చేతికిచ్చి బస్సెక్కించాను.

డిసెంబరు ఆరు శనివారం. అప్పలలక్ష్మిని అక్కడికే తీసుకెళ్లాను. అది శనివారాలు నీసు ముట్టదు. కుర్చీలో కూర్చోకముందే కౌంటరు ఆయన్ని అడిగింది, "అన్నయ్యా, ఇయ్యాళ శనారం, నేనేటి తినొచ్చు?" అని. ఆయన ఉన్నమాట చెప్పాడు. "సూపు వద్దమ్మా. కూరగాయలదైనా, ఇంకోటైనా, అన్నిటికీ పులుసు ఒకటే. కోడి ఎముకలు పొద్దున్నుంచి మరిగించి తీస్తాం."

అది అడిగినంత మాట నేను అడగలేదు. నాకు చుక్క చాలింది.

అప్పటి నుంచి ఐదు రోజులు నేను నీకు చెప్పలేదు. రోజూ సాయంత్రం ఫోన్ చేసి "స్వామీ, పూజ అయిందా?" అని మాత్రం అడుగుతున్నాను. ఈ మాల ఎందుకు వేసుకున్నావో నాకు తెలుసు. అమ్మ కడుపులో గడ్డ తీసేసి డాక్టరు భయం లేదన్న రోజు ఆసుపత్రి మెట్ల మీద నువ్వు మొక్కుకున్నావు. అది అమ్మ కోసం మొక్కిన మొక్కు. దాన్ని నేను ఒక గిన్నెడు సూపుతో పాడుచేశాను. సోమవారం ఇరుముడి కడతారు. చెప్తే గురుస్వామి నీ మాల కూడా తీయిస్తాడు. చెప్పకపోతే తెలియకుండానే కొండెక్కుతావు. రెండిట్లో ఏది తప్పు తక్కువో ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాను. చిట్టిరాజు మావయ్య ఉత్త మెడ చూశాక ఇంక దాచలేక రాస్తున్నాను.

ఫోన్లో చెబితే అమ్మ స్పీకరు పెడుతుంది. అందుకే ఈ కాగితం లోవమ్మత్తకి ఇస్తున్నాను. వంకాయలు అమ్ముకుని మధ్యాహ్నం బస్సుకి ఊరొస్తుంది కదా. చదివి ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

నీ కూతురు,
సాయిప్రియ.


నర్సీపట్నం,
13 డిసెంబరు, శనివారం.

నాన్నా,

రెండు రోజులైంది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. నిన్న ఫోన్ చేస్తే అమ్మే ఎత్తింది. "మీ నాన్న సామికి ఏటైందో తెలీదు. తెల్లారకుండా గుడికెల్లి వాకిలంతా ఊడుత్తన్నాడు. పక్షం రోజులైంది. ఎందుకని అడిగితే నవ్వుతాడు" అంది. వేళ్ల మీద లెక్కపెట్టాను. పక్షం రోజులంటే మనం హోటలుకి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి. నీకు అప్పుడే ఏదో అనుమానం వచ్చిందా? వచ్చి, నా ముఖం చూసి మింగేశావా? లేక నా ఉత్తరం చదివాక నాతో మాట్లాడటం ఇష్టం లేదా?

అమ్మ ఇంకో మాట చెప్పింది. ఇరుముడి కట్టేటప్పుడు ఇంట్లోవాళ్లు సంచిలో మూడేసి గుప్పిళ్లు బియ్యం వెయ్యాలట, నేనూ రావాలట, కొత్త లంగాఓణీ ఇస్త్రీ చేయించిందట. నేను సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక నా చేతులు చూసుకున్నాను. మెనూలో వేలుపెట్టి ఆ సూపు చూపించింది ఈ చెయ్యే.

నేను నిర్ణయం తీసుకున్నాను. రేపు సాయంత్రం దాకా నీ జవాబు రాకపోతే సోమవారం పొద్దున్న మొదటి బస్సుకి వచ్చి, ఇంటికి రాకుండా నేరుగా గురుస్వామి మత్స్యలింగం గారి దగ్గరికే వెళ్తాను. తప్పు నాదని, మా నాన్నకి ఏమీ తెలియదని చెప్తాను. ఆయన ఏం శిక్ష వేసినా పడతాను. తర్వాత వెనక్కి వచ్చేస్తాను. బియ్యం మాత్రం వెయ్యను. నా గుప్పిట్లోంచి ఒక్క గింజ కూడా ఆ సంచిలో పడకూడదు. అమ్మకి ఏం చెప్పాలో నువ్వే చూసుకో.

వ్యాసంలో పెద్ద పెద్ద మాటలు రాసి బహుమతి తెచ్చుకున్నదాన్ని. నీకు రాయాల్సిన ఒక్క వాక్యానికి ఐదు రోజులు పట్టింది.

సాయిప్రియ.


స్వామియే శరణం అయ్యప్ప

ఏటికొప్పాక,
14వ తేదీ, ఆదివారం.

అమ్మా సాయిప్రియా,

నీ ఉత్తరాలు రెండూ నిన్న సాయంత్రం ఒకేసారి అందాయి. లోవమ్మ మొదటిది సంచి అడుగున పెట్టి మరిచిపోయింది. రెండోది ఇవ్వబోతే అదీ బయటపడింది. తోటకూర తడికి అక్షరాలు కొన్ని అలికిపోయాయి గాని చదవగలిగాను. నీతో మాట్లాడటం ఇష్టం లేక ఊరుకోలేదు. అది ముందు మనసులోంచి తీసెయ్.

ఇప్పుడు సూపు సంగతి. నువ్వు బయట ఫోన్లో ఉన్నప్పుడు నేను గాజు దగ్గర నిలబడ్డాను కదా. ఆ నూడుల్సు లాగే కుర్రాడి పేరు చినబాబు. వాళ్లది గొలుగొండ. బెంగుళూరులో ఎవరి దగ్గరో నాలుగేళ్లు చేసి నేర్చుకున్నాడట. నా బట్టలు చూసి పిండి చేతుల్తోనే బయటికి వచ్చాడు. "సామీ, మీరేటి ఇక్కడ? మా నాన్న కూడా ఏసుకున్నాడు. ఆ సూపు మీకు పనికిరాదు, ఎముకలది" అన్నాడు. నేను వెంటనే బయటికి వచ్చేద్దామనుకున్నాను. అద్దంలోంచి నువ్వు చేతులు తిప్పుకుంటూ ఎవరికో చెబుతున్నావు. అంత వెలుగుతున్న ముఖం చూసి ఎలా వెళ్లిపోను? "నా కూతురు పెడతంది బాబూ, ఏదైనా దారుందా?" అని అడిగాను. "పిండిలో గుడ్డు లేదు సామీ. మైదా, ఉప్పు, నీళ్లే" అని, టీ కాచే గిన్నె తోమించి, మంచినీళ్లు పోసి, నా వంతు అందులో విడిగా ఉడికించాడు. ఇంత మిరియాల పొడి, ఉప్పు వేశాడు. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దన్నాను. నేను తాగింది ఆ మిరియాల నీళ్లు. నా గిన్నె తేటగా ఉందని నువ్వే రాశావు. చూశావు గాని అడగలేదు.

పార్సిల్ ఇంటికి తేలేదు. దేవుడి పటం ఉన్న ఇంట్లోకి దాన్నెలా తెస్తాను? బస్సు దిగగానే లోవమ్మకిచ్చాను. రెండో పార్సిల్ ఎప్పుడని ఇప్పటికి మూడుసార్లు అడిగింది.

మర్నాడే గురుస్వామికి అంతా చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. తర్వాత నన్ను పేరుపెట్టి పిలిచి అన్నాడు: "దేవుళ్లు సామీ, దీక్షలో ఉండి నూడిల్సుకి నర్సీపట్నం ఎల్లావా? సాయంత్రం పలారం ఇంట్లోనో గుళ్లోనో తినాలని తెలీదేటి? కూతురు పిలిసిందని ఎల్లావు, సరే. తినే ముందు అడిగావు, అదీ సరే. ఇరుముడి దాకా గుడి వాకిలి నువ్వే ఊడ్చు." నేను వాకిలి ఊడుస్తున్నది అందుకే. మీ అమ్మకి చెప్తే నిన్ను తిడుతుందని నవ్వి ఊరుకున్నాను.

చిట్టిరాజు మాటలకి నువ్వు భయపడ్డావు. అతను తిన్నది ఒక పఫ్ కాదు, మూడు. మొదటిదాంట్లో గుడ్డు కనబడ్డాక కూడా సాసు వేయించుకుని మరో రెండు తిన్నాడని బేకరీ అతనే చెప్పాడు. ఆ మాట నీతో అన్లేదు కాబోలు.

మాల బాగానే ఉంది. మొక్కు బాగానే ఉంది. కాని ఒకటి చెప్పకుండా ఉండలేను. నీకు తెలిసింది ఆరో తేదీన. రాసింది పదకొండున. గేటు దగ్గర చిట్టిరాజు ఎదురుపడకపోతే రాసేదానివా? ఆ ఐదు రోజులూ ఫోన్లో నన్ను స్వామీ అని పిలుస్తూ పూజ అయిందా అని అడిగావు. నాకు నొప్పి అక్కడ తగిలింది, సూపు దగ్గర కాదు. రాత్రి రెండు ఉత్తరాలూ మళ్లీ చదివాను. నిన్ను అడగడానికి నాకు మొహం లేదని అప్పుడు తోచింది. నేను దాచింది పద్నాలుగు రోజులు. బస్సెక్కే ముందు ఒక్క మాట చెప్పి ఉంటే నువ్వు ఇంత నలిగేదానివి కాదు. నీ సంతోషం పాడవుతుందని చెప్పలేదు. నా మొక్కు పాడవుతుందని నువ్వు చెప్పలేదు. ఇద్దరం ఒకే పిండి.

గురుస్వామి దగ్గరికి నువ్వు వెళ్లక్కర్లేదు. వెళ్తే నీకు కూడా చీపురు ఇస్తాడు. బియ్యం వెయ్యనని మాత్రం అనకు. ఏ చెయ్యి చూపించిందని రాశావో ఆ చెయ్యే కావాలి. మీ అమ్మ కోసం కట్టే ఇరుముడిలో నీ గుప్పిళ్లు లేకపోతే నేను తలకెత్తుకోలేను.

ఇంకోటి. నీ వ్యాసంలో "మా నాన్న కొయ్యకి లక్క పూస్తాడు" అని ఉంది. ఆ రోజు బల్ల దగ్గర విన్నాను, సరిచెయ్యలేదు. లక్క పూయరమ్మా. మర మీద తిరిగే కొయ్యకి ఒత్తుతారు. ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. అదీ నువ్వు నన్ను అడగలేదు, నేను చెప్పలేదు.

ఈ ఉత్తరం ఈ సాయంత్రమే నీ చేతికిచ్చి రమ్మని లోవమ్మని పంపుతున్నాను. ఈసారి సంచిలో పెట్టనివ్వలేదు, కొంగున కట్టించాను. రేపు పొద్దున్న తలస్నానం చేసి, ఏమీ తినకుండా మొదటి బస్సెక్కు. గుడి దగ్గర దిగు. వాకిలి నేను ఊడ్చి ఉంచుతాను. గురుస్వామి నా పేరు పిలిచాక ముందు మీ అమ్మ, తర్వాత నువ్వు, మూడు గుప్పిళ్లు, రెండు చేతులతో. వ్యాసం కాగితాలు, ఒక పెన్ను తెచ్చుకో. మా బస్సు పదింటికి గాని కదలదు. ఈలోగా మన బొమ్మల షెడ్డులోకి వెళ్లి లక్క ఎలా ఒత్తుతారో చూపిస్తాను, అక్కడే కూర్చుని ఆ వాక్యం దిద్దుకుందువు గాని.

నీ నాన్న,
దేవుళ్లు.